వీడియో ఆఫీసుకు స్టోరేజి: నిండిన రోజున ఏం చేస్తామో కొనే రోజునే తేల్చుకోవాలి

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ చాలా ఏళ్లుగా పెళ్ళి వీడియోలు తీస్తున్న చిన్న ఆఫీసుకు వెళ్తే, ఎడిటింగ్ టేబుల్ పక్కన అల్మారాలో విడి హార్డ్ డిస్క్‌లు వరుసగా పేర్చి ఉండడం తరచూ కనిపిస్తుంది. ఒక్కోదాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, మార్కర్ పెన్నుతో ‘కావలి రిసెప్షన్, మాఘం’ అనో, ‘3వది, సగం ఖాళీ’ అనో రాసి ఉంటుంది. మా ఆఫీసులోనూ అలాంటి అల్మారాయే ఉండేది. అందులో 23 డిస్క్‌లు చేరిన కాలంలో, రెండేళ్ల కిందట మేము తీసిన పెళ్ళి తాలూకు కుటుంబం ఒకటి వచ్చింది. పెళ్ళికూతురి నాన్నగారు ఆ మధ్యనే పోయారు. కన్యాదానం చేస్తూ ఆయన అల్లుడితో అన్న నాలుగు మాటలు మేమిచ్చిన వీడియోలో పాట కింద మునిగిపోయాయి, అసలు ఫుటేజ్‌లో ఉంటే ఇవ్వమని వారు అడిగారు. ఆ డిస్క్ ఏదో తేల్చుకోవడానికే మాకు ఒక పూట పట్టింది. చెమట తగిలి ప్లాస్టర్ మీద అక్షరాలు చెరిగిపోయాయి. దొరికిన డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే టిక్ టిక్‌మని కొట్టుకుని ఆగిపోయింది, మూడోసారికి తెరుచుకుంది. అందులో ఉన్నదానికి మరో చోట కాపీ లేదు.

ఆ రోజు నుంచి స్టోరేజి విషయంలో నేను చూసే పద్ధతి మారింది. దుకాణంలో మనం ముందుగా అడిగేది ఎన్ని టీబీ, ఎంత ధర అని. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఈ పెట్టె నిండిన రోజున నేను ఏం చేయాలి అన్నది. ఉన్న డేటాను కదపకుండా ఇంకో డిస్క్ చేర్చవచ్చా, లేక అంతా వేరే చోటికి తీసి, తుడిచి, మళ్ళీ మొదలు పెట్టాలా? కింద పోల్చిన పద్ధతులన్నింటినీ ముఖ్యంగా ఈ ప్రశ్న పెట్టే పోల్చాను.

ముందు ఏడాదికి ఎంత డేటా వస్తుందో కాగితం మీద లెక్క వేసుకోవాలి. 4కే వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల రేటుతో తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది, 200 మెగాబిట్లతో తీస్తే 90 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు ఒక్కొక్కటి ఆరు గంటలు తిరిగిన పెళ్ళికి మొదటి రేటు ప్రకారం 540 జీబీ వస్తుంది, డ్రోన్‌నూ ప్రాజెక్టు ఫైళ్ళనూ కలిపితే 600 జీబీకి చేరుతుంది. ఏడాదికి 40 పెళ్ళిళ్ళు చేసే ఆఫీసుకు ఇది 24 టీబీ. తక్కువ కుదింపుతో పెద్ద ఫైళ్ళు చేసే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఫార్మాట్‌లో 4కే తీసే వారికి, లేదా ఫుటేజ్‌ను అందులోకి మార్చి ఎడిట్ చేసే వారికి, సెకనుకు 25 ఫ్రేములతోనే గంటకు 330 జీబీ వరకు అవుతుంది కాబట్టి ఈ లెక్క వారికి ఏమాత్రం సరిపోదు. మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. డిస్క్ తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది, అందువల్ల 8 టీబీ డిస్క్ తెర మీద 7.27గా కనిపిస్తుంది. దుకాణదారు మోసం చేశాడని దీని మీద గొడవ పడిన వారిని నేను చూశాను, అందులో ఆయన తప్పేమీ లేదు.

ఈ 24 టీబీనీ కలకాలం ఉంచాలా అన్నది కొనే ముందే తేల్చుకోవాలి. అసలు ఫుటేజ్‌ను ఎన్నాళ్ళు ఉంచుతామో బుకింగ్ కాగితం మీదే రాసి పెళ్ళివారికి చదివి వినిపించడం మర్యాద. మేము వీడియో అందజేసిన తరువాత ఏడాది పాటు మొత్తం ఫుటేజ్‌ను ఉంచుతాము. ఆ తరువాత ఫైనల్ వీడియోనూ, కన్యాదానం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతల అసలు ఫుటేజ్‌నూ శబ్దంతో సహా ఉంచి మిగిలినది తీసేస్తాము. ఈ నియమం పెట్టుకున్నాక మా అవసరం సగానికి పైగా తగ్గింది. నియమం లేని ఆఫీసు ఎంత పెద్ద పెట్టె కొన్నా అది చివరికి నిండుతుంది.

ఇక పద్ధతుల దగ్గరకు వస్తే, విడి యూఎస్‌బీ డిస్క్‌లు అన్నింటికంటే చౌక, ఎక్కడైనా దొరుకుతాయి, ఎవరికీ నేర్పనవసరం లేదు. ఏడాదికి పది కార్యక్రమాలు మాత్రమే చేసే ఒంటరి వీడియోగ్రాఫర్‌కు ఇవి చాలునని నిజాయితీగానే చెబుతాను. అయితే ప్రతి డిస్క్‌కూ జంట డిస్క్ ఉండాలి, ఆ జంట వేరే ఇంట్లో ఉండాలి. ఇందులో పెరుగుదల అంటే మరో డిస్క్ కొనడమే. ఆ సౌలభ్యమే చివరికి 23 డిస్క్‌ల అల్మారాగా మారుతుంది, ఏ పెళ్ళి ఎక్కడుందో ఒక్కరి జ్ఞాపకంలోనే ఉండిపోతుంది.

దానికి పై మెట్టు నాలుగైదు డిస్క్‌లు పట్టి, ఒకే కంప్యూటర్‌కు యూఎస్‌బీతో గానీ థండర్‌బోల్ట్‌తో గానీ తగిలే పెట్టె. దీన్ని డాస్ అంటారు. ఎడిటర్ ఒక్కరే ఉన్న ఆఫీసుకు ఇది మంచి ఎంపిక. నెట్‌వర్క్ గొడవ లేదు, సెకనుకు 10 గిగాబిట్ల యూఎస్‌బీ ఉంటే నాలుగు డిస్క్‌లను కలిపి ఒకటిగా నడిపే రెయిడ్ పద్ధతి వేగం దాదాపు పూర్తిగా చేతికందుతుంది. మన ప్రశ్న పెట్టి చూసినప్పుడే దీని లోపం బయటపడుతుంది. రెయిడ్ పనిని తనలోనే చేసుకునే చాలా చౌక పెట్టెల్లో, ఒకసారి మూడు డిస్క్‌లతో రెయిడ్ 5 కట్టాక నాలుగోది చేర్చాలంటే అంతా తుడిచి మళ్ళీ కట్టవలసి వస్తుంది. పైగా ఆ పెట్టెలోని బోర్డు కాలిపోతే లోపలి డిస్క్‌లు బాగానే ఉన్నా, తరచుగా అదే మోడల్ పెట్టె మరొకటి దొరికితే తప్ప అవి తెరుచుకోవు. ఐదేళ్ల తరువాత ఆ మోడల్ దొరుకుతుందన్న భరోసా లేదు. డాస్ కొనదలచిన వారు ఖాళీ బేలు (డిస్క్ పెట్టే అరలు) మిగలకుండా మొదటి రోజే అన్ని డిస్క్‌లూ వేసి కొనడం, డేటా చెడకుండా డిస్క్ చేర్చవచ్చునని మాన్యువల్‌లో రాసి ఉందో లేదో చదివి చూడడం, ఈ రెండింటిలో ఒకటి చేయాలి. దుకాణంలో నోటిమాటగా ‘వేసుకోవచ్చు సార్’ అంటే సరిపోదు.

ఇద్దరు ముగ్గురు ఎడిటర్లు, ఆల్బమ్ చేసే మనిషి, కెమెరా కార్డులు దించే కుర్రాడు ఉన్న ఆఫీసుకు నా సలహా నాస్, అంటే ఆఫీసులోని నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలి అన్ని కంప్యూటర్లకూ ఒకేసారి అందుబాటులో ఉండే పెట్టె. పోలికలో ఎక్కువ సమయం పెట్టవలసింది దీని మీదే, ఎందుకంటే పెరిగే తీరు ఒక్కో నాస్‌లో ఒక్కో విధంగా ఉంటుంది.

రెయిడ్ 5లో ఒక డిస్క్ పోయినా డేటా నిలుస్తుంది, ఒక డిస్క్ అంత చోటు రక్షణకు పోతుంది. రెయిడ్ 6లో రెండు పోయినా నిలుస్తుంది, రెండింటి చోటు పోతుంది. అంటే 8 టీబీ డిస్క్‌లు మూడు వేసి రెయిడ్ 5తో మొదలు పెడితే 16 టీబీ వాడుకోవచ్చు, నాలుగోది చేర్చితే 24, ఐదోది చేర్చితే 32 అవుతుంది. పేరున్న నాస్ కంపెనీల పెట్టెల్లో ఈ చేర్పు ఉన్న డేటాను తుడవకుండానే జరుగుతుంది. మామూలు రెయిడ్‌లో చిక్కు వేరే చోట ఉంది. రెండేళ్ల తరువాత 16 టీబీ డిస్క్‌లు అందుబాటు ధరకు వచ్చాయని రెండు కొని ఆ మూడింటి పక్కన వేస్తే, అది వాటిని కూడా 8గానే లెక్కిస్తుంది, మొత్తం 32 టీబీయే వస్తుంది. సైనాలజీ అనే నాస్ కంపెనీ వారి ఎస్‌హెచ్‌ఆర్ రెయిడ్ పద్ధతిలో అవే ఐదు డిస్క్‌లకు, ఒక డిస్క్ రక్షణతో, 40 టీబీ వస్తుంది. అయితే పెద్ద డిస్క్ ఒక్కటే వేస్తే దాని అదనపు చోటు ఖాళీగా పడి ఉంటుంది, రెండోది వచ్చాకే అది పనికి వస్తుంది. డిస్క్‌లను ఒక్కొక్కటిగా, చేతిలో డబ్బు ఉన్నప్పుడు కొనుక్కునే మనలాంటి ఆఫీసులకు ఈ వెసులుబాటు చాలా విలువైనది.

బేలన్నీ నిండాక కొన్ని మోడళ్ళకు పక్కన మరో పెట్టె తగిలించవచ్చు. ఉదాహరణకు సైనాలజీ డీఎస్923 ప్లస్‌లో నాలుగు బేలుంటాయి, ఐదు బేల డీఎక్స్517 ఒకటి తగిలిస్తే తొమ్మిదవుతాయి. ఐదు బేల డీఎస్1522 ప్లస్‌కు అలాంటివి రెండు తగిలించి పదిహేను వరకు పోవచ్చు. ఇలా చేసేవారు ఒకే వాల్యూమ్‌ను, అంటే డిస్క్‌లన్నీ కలిసి ఒకే చోటుగా కనిపించే భాగాన్ని, రెండు పెట్టెల మీద పరచవద్దు. మధ్యలోని కేబుల్ ఊడ్చేటప్పుడు చీపురు తగిలి వదులైనా మొత్తం వాల్యూమ్ పడిపోయే ప్రమాదం ఉంటుంది. అదనపు పెట్టెలో వేరే వాల్యూమ్ కట్టి పాత పెళ్ళిళ్ళకు వాడుకోవాలి. నా మటుకు నేను అదనపు పెట్టె మీద ఆశ పెట్టుకుని నాలుగు బేలది కొనడం కంటే, మొదటే ఆరు లేదా ఎనిమిది బేలది కొని సగం ఖాళీగా ఉంచడం మేలంటాను. ఖాళీ బే పాడవదు, డిస్క్‌ల ధర మాత్రం టీబీకి లెక్కేస్తే ఏళ్ల మీద సాధారణంగా తగ్గుతూ వచ్చింది.

కొనే ముందు ఆ మోడల్ ఏ కంపెనీ డిస్క్‌లను ఒప్పుకుంటుందో కూడా చూసుకోవాలి. 2025లో సైనాలజీ తన కొత్త ప్లస్ మోడళ్ళలో తాను ఆమోదించిన డిస్క్‌లనే వాడాలని షరతు పెట్టింది, వాడేవారి నుంచి వ్యతిరేకత వచ్చాక అదే ఏడాది అక్టోబరులో తన నాస్ సాఫ్ట్‌వేర్ డీఎస్ఎం 7.3తో దాన్ని సడలించింది. పెట్టె ఒకరి దగ్గర, డిస్క్ మరొకరి దగ్గర కొనేవారు ఆ మోడల్ తాలూకు తాజా జాబితాను తామే తెరిచి చూడాలి.

పాత కంప్యూటర్‌నే నాస్‌గా మార్చుకునే దారి కూడా ఉంది. అన్‌రెయిడ్ అనే నాస్ సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు పరిమాణాల డిస్క్‌లు కలపవచ్చు, రక్షణకు పెట్టే పారిటీ డిస్క్ మాత్రం అన్నింటికంటే పెద్దదో, సమానమో అయి ఉండాలి. ప్రతి ఫైలూ ఏదో ఒక డిస్క్ మీదే పూర్తిగా ఉంటుంది కనుక, రక్షణ పరిమితికి మించి డిస్క్‌లు పోయినా మిగిలినవాటిలోని పెళ్ళిళ్ళు దక్కుతాయి. వేగం మాత్రం ఒక్క డిస్క్ వేగానికి మించదు. జెడ్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద నడిచే ట్రూనాస్ అనే మరో సాఫ్ట్‌వేర్ డేటా చెడకుండా కాపాడడంలో చాలా గట్టిది. జెడ్‌ఎఫ్ఎస్ తాలూకు రెయిడ్ అయిన రెయిడ్‌జెడ్‌కు ఒక్కో డిస్క్ చేర్చే సౌకర్యం జెడ్‌ఎఫ్ఎస్‌లో చాలా కాలం లేదు, 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్ఎస్ 2.3తో వచ్చింది. ఈ దారి పట్టే ఆఫీసులో దాన్ని చూసుకోగల మనిషి ఒకరు స్థిరంగా ఉండాలి. కట్టిపెట్టిన కుర్రవాడు ఉద్యోగం దొరికి హైదరాబాద్ వెళ్ళిపోతే పాస్‌వర్డ్ కూడా తెలియక కూర్చోవలసి వస్తుంది.

నాస్ కొని, పాత స్విచ్‌నే ఉంచి, స్లోగా ఉందని విసుక్కునే వారు ఎక్కువ. మామూలు గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు దాదాపు 110 ఎంబీ వెళ్తుంది, 540 జీబీ పెళ్ళిని దించడానికి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. నాస్‌లోనూ కంప్యూటర్లలోనూ 2.5 గిగాబిట్ పోర్టులుండి, స్విచ్ కూడా 2.5 గిగాబిట్‌ది పెడితే అదే పని అరగంటలో అవుతుంది, ఇప్పటికే వేసి ఉన్న మంచి క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్‌నే వాడుకోవచ్చు. చిన్న ఆఫీసుకు ఖర్చుకు తగిన ఫలం ఇక్కడే ఎక్కువ. వైఫై మీద నాస్‌ను ఎడిటింగ్‌కు వాడాలని అనుకోనే వద్దు. ప్రస్తుతం నడుస్తున్న రెండు మూడు పెళ్ళిళ్ళను కంప్యూటర్‌లోని ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డ్రైవ్) మీదకు తెచ్చుకుని ఎడిట్ చేసి, అసలు ఫుటేజ్‌ను నాస్‌లో ఉంచే పద్ధతి మాకు అన్నింటికంటే సాఫీగా, నిలకడగా కుదిరింది. ఎస్ఎస్‌డీలను పాత పెళ్ళిళ్ళు దాచే అల్మారాగా మాత్రం వాడకూడదు. కరెంటు తగలకుండా వేడిలో ఏళ్ల తరబడి పడి ఉంటే వాటిలోని డేటా చెదిరే అవకాశం ఉంది.

క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకునే స్టోరేజి, గురించి క్లుప్తంగా చెబుతాను. 600 జీబీ పెళ్ళిని నిజంగా సెకనుకు 100 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న ఫైబర్ మీద పంపడానికి కూడా 13 గంటలకు పైగా పడుతుంది, నెల నెలా అద్దె కట్టాలి. ఫైనల్ వీడియోలకూ, ప్రాజెక్టు ఫైళ్ళకూ అది చక్కగా పనికి వస్తుంది, మొత్తం ఫుటేజ్‌కు ఇప్పటికి పనికిరాదు. డేటాను అయస్కాంత టేపు క్యాసెట్ల మీద దాచే ఎల్‌టీవో విషయంలో ఎల్‌టీవో 8 క్యాసెట్ ఒకటి 12 టీబీ, ఎల్‌టీవో 9 అయితే 18 టీబీ పడుతుంది. క్యాసెట్ చౌకే గాని దాన్ని నడిపే డ్రైవ్ లక్షల్లో ఉంటుంది కాబట్టి, నాలుగైదు ఆఫీసులు కలిసి కొంటే తప్ప మన స్థాయికి అందదు.

ఇప్పుడు నేను అన్నింటికంటే గట్టిగా చెప్పదలచిన మాట. రెయిడ్ ఉన్నంత మాత్రాన కాపీ ఉన్నట్టు లెక్క కాదు. డిస్క్ చెడితే రెయిడ్ ఆదుకుంటుంది. కుర్రాడు పొరపాటున ఫోల్డర్ తీసేసినా, పిడుగు పడి పెట్టె కాలినా, దొంగతనం జరిగినా, గదిలోకి నీళ్ళు వచ్చినా అది చేసేదేమీ లేదు. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు నెల్లూరులో ఏటి ఒడ్డు కాలనీల్లోకి నీళ్ళు చేరాయి, పడుగుపాడు దగ్గర రైళ్ళు ఆగిపోయాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మన జిల్లాల్లో రోజంతా వాన, గాలి, కరెంటు లేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో నేల మీద నాస్ పెట్టుకున్న ఆఫీసుకు రెయిడ్ 6 ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అందువల్ల మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట అన్న పాత నియమాన్ని వీలైనంత వరకు, అందులో వేరే చోట ఒకటి అన్నదాన్ని తప్పకుండా పాటించాలి. మేము నాస్‌లోని ప్రతి పెళ్ళినీ విడి డిస్క్‌ల మీదకు కాపీ చేసి, వాటిని ఊరికి ఎత్తుగా ఉన్న వైపు మా బంధువుల ఇంట్లో, మొదటి అంతస్తులో, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత గట్టి డబ్బాలో ఉంచుతాము. పాత 23 డిస్క్‌లలో ఆరోగ్యంగా ఉన్నవి ఈ పనికే వాడుకున్నాము. ఇక నాస్‌ను రూటర్‌లో పోర్టు తెరిచి నేరుగా ఇంటర్నెట్‌కు వదలకూడదు. 2021లో క్యూలాకర్, 2022లో డెడ్‌బోల్ట్ అనే దాడుల్లో అలా బయటికి తెరిచి ఉన్న నాస్ పెట్టెల్లోని ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగారు.

డిస్క్‌ల ఎంపికలో చూడవలసింది సీఎంఆర్ అన్న మాట, అంటే ట్రాకులు ఒకదాని మీద ఒకటి పడకుండా రాసే రకం. ఎస్ఎంఆర్ డిస్క్‌లలో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి కనుక, ఒకచోట మార్చి రాయాలంటే పక్కవాటిని కూడా తిరిగి రాయవలసి వస్తుంది, రెయిడ్‌ను మళ్ళీ కట్టే సమయంలో అవి విపరీతంగా నెమ్మదిస్తాయి. నాస్ కోసమని అమ్మే రెడ్ శ్రేణిలోనే కొన్ని మోడళ్ళు ఎస్ఎంఆర్ అని 2020లో బయటపడ్డాక, వెస్టర్న్ డిజిటల్ సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అనే పేరు పెట్టింది. రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్‌లకు మూడేళ్ల వారంటీ, వాటి ప్రో రకాలకు ఐదేళ్లు ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి తెచ్చుకునేవారు బిల్లు తీసుకుని, అక్కడే సీరియల్ నంబరును కంపెనీ సైటులో కొట్టి, మన దేశంలో వారంటీ ఉందో లేదో చూసుకోవాలి. నాలుగు డిస్క్‌లూ దుకాణంలోని ఒకే అట్టపెట్టెలోంచి, ఒకే తేదీవి తీసుకోకుండా రెండు చోట్ల కొంటే, అన్నీ ఒకేసారి చెడే అవకాశం తగ్గుతుంది.

8 టీబీ డిస్క్ చెడి కొత్తది వేస్తే, పూర్తి వేగంతో నడిచినా రెయిడ్ మళ్ళీ కట్టడానికి 12 గంటలు పడుతుంది, ఎడిటింగ్ కూడా నడుస్తుంటే రెండు రోజులు పట్టవచ్చు. 16 టీబీది అయితే ఇంతకు రెట్టింపు. ఆ సమయంలోనే రెండో డిస్క్ కూడా పోతే రెయిడ్ 5లో అంతా పోయినట్టే. అందుకే ఐదు డిస్క్‌లు దాటినవారూ, 12 టీబీకి మించిన డిస్క్‌లు వాడేవారూ చోటు తగ్గినా రెయిడ్ 6 గానీ దానికి సమానమైనది గానీ పెట్టుకోవాలని నా అభిప్రాయం. కొత్త డిస్క్ చేర్చడం, పెద్దదానితో మార్చడం వంటి పనులను ముహూర్తాలు లేని ఆషాఢానికి ఉంచుకుంటే, ఆ రెండు మూడు రోజులు పెట్టెకు విశ్రాంతిగా పని జరుగుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్‌కు మారే ఆ క్షణం కూడా నాస్‌కు ప్రమాదమే. యూఎస్‌బీ తీగతో నాస్‌కు కబురు అందించి దానంతట అది సర్దుకుని ఆగిపోయేలా చేసే యూపీఎస్ తప్పనిసరి. రోహిణి కార్తెలో రాత్రి ఏసీ ఆపేసి మూసిన గదిలో డిస్క్‌ల ఉష్ణోగ్రత ఎంతకు పోతోందో ఒక వారం రాసుకుని చూడండి. 45 డిగ్రీలు దాటుతుంటే గాలి ఆడే చోటికి మార్చండి.

ఒంటరిగా పని చేసేవారు జంట డిస్క్‌లతోనో, నిండా డిస్క్‌లు వేసిన నాలుగు బేల డాస్‌తోనో ఆగవచ్చు. ఇద్దరికి మించి ఎడిటర్లున్నవారు ఆరు బేలకు తగ్గని నాస్, మూడు 8 టీబీ డిస్క్‌లు, 2.5 గిగాబిట్ స్విచ్, యూపీఎస్, బయట ఉంచే కాపీకి విడి డిస్క్‌లు, ఈ అయిదింటినీ ఒకే ఖర్చుగా లెక్క వేసుకోవాలి. డబ్బు చాలకపోతే డిస్క్‌ల సంఖ్య తగ్గించండి, బయటి కాపీని మాత్రం తగ్గించవద్దు. కొన్న నెలలోపు ఒక పాత పెళ్ళిని ఎంచుకుని, నాస్ ముట్టుకోకుండా, బంధువుల ఇంట్లో ఉన్న డిస్క్ నుంచి మాత్రమే దాన్ని తెరిచి, కన్యాదానం దగ్గర మాటలు శబ్దంతో సహా వినిపిస్తున్నాయో లేదో చూడండి.